సబ్బు పెట్టెలో టెస్టర్

ఒక రేడియో గానీ, చార్జర్ గానీ ఆగిపోయిందంటే మనం మొత్తం పోయిందనుకుంటాం. నిజానికి అందులో ఉన్న ఇరవై, ముప్పై భాగాల్లో పోయింది ఏ ఒకటో రెండో. మిగిలినవన్నీ బతికే ఉంటాయి. చిక్కు ఎక్కడంటే, పోయినదీ బతికి ఉన్నదీ పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. నల్లగా కాలినవీ, పైన ఉబ్బినవీ కంటికి తెలుస్తాయి. కానీ షార్ట్ అయిన డయోడ్‌కూ, మంచి డయోడ్‌కూ చూపులో తేడా ఏమీ ఉండదు. కొద్దిగా కరెంటు పంపి దాన్నే అడగాలి. అలా అడిగే ఒక చిన్న పరికరాన్ని పాత సామానుతో ఎలా చేసుకోవాలో, అది చెప్పే జవాబును ఎలా చదవాలో తమ్ముళ్ళ కోసం రాస్తున్నాం. ఈ హాస్టల్లో ఉండగా మేము ముగ్గురం మొదలుపెట్టిన పని ఇది. పీజీకి వచ్చాక కూడా వదల్లేదు.

మల్టీమీటర్ కొనుక్కుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోతుంది, కొనుక్కోగలిగినవారు తప్పకుండా కొనుక్కోండి. మేము చదివేటప్పుడు మాత్రం ల్యాబులో పది మందికి ఒక మీటరు. మన వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. పైగా మీటరు అంకె చూపిస్తుంది గానీ, కరెంటు ఎటు పోతోందో, ఎటు పోవడం లేదో ఒకేసారి చూపించదు. మా పెట్టె చూపిస్తుంది.

ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్సులో అర్ధవాహకాల పాఠం గుర్తు చేసుకోండి. డయోడ్ కరెంటును ఒకవైపే పోనిస్తుంది. బ్యాటరీతో పరీక్షిస్తే ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి పెట్టాలి. మన గోడ కరెంటు 50 హెర్ట్జ్ ఏసీ కాబట్టి, సెకనుకు వంద సార్లు తనే దిశ మార్చుకుంటుంది. తిప్పే పని దానికే అప్పగించవచ్చు. అయితే 230 వోల్టులు ప్రాణం తీస్తాయి. అందుకని ట్రాన్స్‌ఫార్మర్‌తో 6 వోల్టులకు దించుతాం. ఆ 6 వోల్టుల ఏసీకి వరుసగా ఒక 470 ఓంల రెసిస్టర్, దాని తర్వాత ఒక ఎర్ర ఎల్ఈడీ, ఒక పచ్చ ఎల్ఈడీ ఒకదానికొకటి ఎదురుగా, పక్కపక్కన కలిపి ఉంటాయి. అంటే ఒకదాని పొడుగు కాలు రెండోదాని పొట్టి కాలికి. ఆ తర్వాత రెండు వైర్లు, వాటి కొసలకు రెండు సూదులు. సర్క్యూటు మొత్తం ఇంతే.

సూదులు రెండూ తాకిస్తే రెండు దీపాలూ వెలుగుతాయి. మధ్యలో మంచి డయోడ్ పెడితే ఒక్కటే వెలుగుతుంది. డయోడ్‌ను తిప్పి పెడితే రెండోది వెలుగుతుంది. షార్ట్ అయిన డయోడ్‌కు రెండూ వెలుగుతాయి. లోపల తెగిపోయి ఉంటే ఏదీ వెలగదు. మార్కు ఉన్న 1ఎన్4007 డయోడ్ ఒకటి ముందుగా పెట్టి చూసుకోండి. నల్లటి ఒంటి మీద తెల్ల గీత ఉన్న వైపు క్యాథోడ్. ఆ గీత ఏ సూది వైపు ఉంటే ఏ దీపం వెలిగిందో పెట్టె మూత మీద రాసుకుంటే, ఆ తర్వాత గుర్తులు చెరిగిపోయిన డయోడ్‌కు కూడా కాళ్ళు చెప్పేయవచ్చు.

ఇక సామాను. ట్రాన్స్‌ఫార్మర్ పాత టేప్ రికార్డర్లలోను, రేడియో ఎలిమినేటర్లలోను దొరుకుతుంది. పాత సామాను కొట్టులో ఎలిమినేటర్‌ను చేత్తో ఎత్తి చూడండి. బరువుగా ఉంటే లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నట్టు. తేలిగ్గా ఉండే ఈ కాలపు మొబైల్ చార్జర్ మనకు పనికిరాదు, దాని నుంచి వచ్చేది డీసీ. కానీ పాడైన చార్జర్‌ను పారేయవద్దు. అందులో డయోడ్లు, ఒక ట్రాన్సిస్టర్, కొన్నిట్లో చిన్న ఎల్ఈడీ కూడా ఉంటాయి. ఒకప్పుడు ప్రతి గదిలోనూ వెలిగిన సీఎఫ్ఎల్ బల్బుల అడుగున ఉండే బోర్డు అయితే గని లాంటిది. నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 13001 లేదా 13003 రకం ట్రాన్సిస్టర్లు రెండు, ఒక కండెన్సర్ సాధారణంగా దొరుకుతాయి. గాజు గొట్టాన్ని మాత్రం పగలగొట్టకండి, అందులో పాదరసం ఉంటుంది. 470 ఓంల రెసిస్టర్‌ను పసుపు, ఊదా, గోధుమ పట్టీలతో గుర్తుపట్టవచ్చు. మీకు దొరికిన ట్రాన్స్‌ఫార్మర్ 9 వోల్టులదైతే 680 ఓంలు, 12 వోల్టులదైతే వెయ్యి ఓంలు వేయండి. మూడు వైర్లు బయటికి వచ్చే 6-0-6 రకమైతే మధ్యదీ, పక్కదొకటీ తీసుకుంటే చాలు.

కొట్టులో దొరికిన ట్రాన్స్‌ఫార్మర్ మంచిదో కాదో తెలియాలంటే ముందే ఒక టెస్టర్ కావాలి కదా అని అడగవచ్చు. దానికి రెండు టార్చి సెల్లు, 100 ఓంల రెసిస్టర్, ఒక ఎర్ర ఎల్ఈడీ వరుసగా కలిపి జేబులో పెట్టుకు వెళ్ళేవాళ్ళం. 6 వోల్టుల వైపు లావు తీగ చుట్టు కాబట్టి దీపం బాగా వెలుగుతుంది. 230 వోల్టుల వైపు సన్నటి తీగ వేల చుట్లు, అక్కడ మసకగా వెలుగుతుంది. ఏదో ఒక వైపు అసలు వెలగకపోతే చుట్ట తెగినట్టే. వైరు తీసేటప్పుడు వేళ్ళతో లోహాన్ని పట్టుకోవద్దు, ఆ చుట్టలోంచి చిన్న షాకు తగులుతుంది. మా వాడొకడు కొట్టు ముందే ఎగిరాడు, కొట్టాయన నవ్వి ఐదు రూపాయలు తగ్గించాడు.

పెట్టెగా మేము వాడింది ప్లాస్టిక్ సబ్బు పెట్టె. ఇందులో సర్క్యూటు మాత్రమే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ తన డబ్బాలోనే ఉంటుంది. ఎలిమినేటర్ ప్లగ్ పీకిన తర్వాతే విప్పండి. 230 వోల్టుల వైపు అతుకుల జోలికి అసలు వెళ్ళవద్దు. డయోడ్లకు ముందు, 6 వోల్టుల చుట్ట నుంచి వచ్చే రెండు వైర్లను మాత్రం బయటికి తెచ్చుకుని డబ్బా మూసేయండి. ఈ పని ఎలక్ట్రీషియన్‌ను గానీ, తెలిసిన అన్నను గానీ పక్కన పెట్టుకుని చేయండి. వార్డెన్ గారికి చెప్పి చేయండి.

ట్రాన్సిస్టర్ దగ్గర ఈ పెట్టె నిజంగా ఉపయోగపడుతుంది. మూడు కాళ్ళను రెండేసి చొప్పున తాకిస్తే మూడు జతలు. ఒక్కో జతలో రెండు దిశలు, మొత్తం ఆరు దారులు. మంచి ట్రాన్సిస్టర్‌లో ఆరింటిలో రెండే తెరుచుకుంటాయి. ఆ రెండింటిలోనూ ఉన్న కాలు బేస్. కరెంటు బేస్ నుంచి బయటి కాళ్ళకు పోతుంటే ఎన్‌పీఎన్, బయటి నుంచి బేస్‌కు వస్తుంటే పీఎన్‌పీ. బేస్‌కు, ఎమిటర్‌కు మధ్య రెండో దీపం కూడా కొంచెం మిణుకుమంటే కంగారు పడకండి. ఆ సంధి ఎదురు దిశలో ఆరేడు వోల్టులకే లొంగిపోతుంది, ఏసీ శిఖరం ఎనిమిదిన్నర వోల్టుల దాకా వెళ్తుంది. ఎమిటర్‌ను గుర్తుపట్టడానికి అదే ఒక ఆనవాలు. అయితే ఎక్కువసేపు అలా ఉంచితే ట్రాన్సిస్టర్ బలం తగ్గుతుంది.

బలం, అంటే కరెంటును పెంచే శక్తి, చూడాలంటే నాలుగు సెల్లు కావాలి. ఎన్‌పీఎన్ కలెక్టర్‌ను ప్లస్‌కు కలపండి. ఎమిటర్ నుంచి రెసిస్టర్, ఎల్ఈడీ మీదుగా మైనస్‌కు కలపండి. తడి వేలితో కలెక్టర్‌నూ, బేస్‌నూ ఒకేసారి తాకితే ఎల్ఈడీ వెలుగుతుంది. మన వేలి గుండా పోయిన అణువంత కరెంటు వంద రెట్లు పెరిగి దీపాన్ని వెలిగించిందన్నమాట. పాఠంలో బీటా అని చదివేది ఇదే. సీఎఫ్ఎల్ నుంచి తీసిన 13003కి బీటా తక్కువ, అది మసకగా వెలిగితే పాడైందని పారేయకండి. ఈ పరీక్షకు సెల్లే వాడండి.

ఇప్పుడు మూడు కాళ్ళు పెట్టగానే పేరు, బొమ్మ, విలువ తెర మీద చూపించే చిన్న టెస్టర్లు అమ్ముతున్నారు. వాటికి మూలం జర్మనీలో మార్కుస్ ఫ్రెయెక్ చేసి, తర్వాత కార్ల్ హైంజ్ క్యూబెలర్ పెంచి, అందరికీ తెరిచి ఉంచిన డిజైన్. ఒక్కో కాలికి 680 ఓంల రెసిస్టర్ ఒకటి, 470 కిలో ఓంలది ఒకటి. ఒక చిప్ వాటి గుండా కరెంటు పంపి ఒక్కో దారినీ తడిమి చూస్తుంది. మనం చేత్తో చేసే పని అది క్షణాల్లో చేస్తుంది, అంతే తేడా.

మన హాస్టల్‌కు అన్నిటికంటే అక్కరకొచ్చింది ఫ్యాన్ కండెన్సర్ పరీక్ష. పరీక్షల ముందు ఫ్యాను ఈగను తోలేంత గాలి కూడా ఇవ్వకపోతే, కంప్లయింటు రాసి ఎదురుచూడటం అందరికీ అనుభవమే. మోటారు కాలిందని, రీవైండింగ్ చేయించాలని ఎవరో ఒకరు తేల్చేస్తారు. చాలాసార్లు పోయేది కండెన్సరే. సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా ఉండేది 2.5 మైక్రో ఫారడ్. 50 హెర్ట్జ్ దగ్గర అది సుమారు 1270 ఓంల అడ్డు. కాబట్టి మా పెట్టెలో పెడితే రెండు దీపాలూ, సూదులు తాకించినప్పటికంటే తక్కువగా వెలగాలి. అసలు వెలగకపోతే తెగింది. సూదులు తాకించినంత ప్రకాశంగా ఉంటే షార్ట్. ఈ రెండింటికంటే తరచుగా వచ్చేది మూడోది, సామర్థ్యం సగానికి పడిపోవడం. అప్పుడు దీపాలు వెలుగుతాయి గానీ మరీ మసకగా. పక్కన ఒక కొత్తది పెట్టి పోల్చితేనే తెలుస్తుంది. అందుకని పెట్టెతో పాటు ఒక మంచి కండెన్సర్ దాచుకోండి. ఫ్యాన్ నుంచి తీసే ముందు మెయిన్ ఆపించండి. తీశాక దాని రెండు వైర్లనూ మామూలు గుండు బల్బు ద్వారా కలిపి, మిగిలిన కరెంటును ఖాళీ చేయండి. టీవీ, కంప్యూటర్ సప్లైలలోని పెద్ద కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా నిలవ ఉండవచ్చు, వాటి జోలికి పిల్లలు వెళ్ళనే వద్దు. ప్లస్, మైనస్ గుర్తున్న కండెన్సర్లను ఈ ఏసీ పెట్టెలో పెట్టవద్దు.

ఈ పెట్టెకు తెలియనివీ ఉన్నాయి. 6 వోల్టులకు మంచిగా ఉండి 200 వోల్టులకు తూట్లు పడే డయోడ్‌ను ఇది మంచిదనే చెబుతుంది. ఐసీల సంగతి దీనికి తెలియదు. బోర్డు మీద ఉన్న భాగాన్ని ఉన్నచోటే పరీక్షిస్తే, పక్క భాగాల గుండా కరెంటు దొంగదారిన పోయి తప్పు చెబుతుంది. కనీసం ఒక కాలైనా ఊడదీయాలి.

హైదరాబాదు వెళ్ళేవారికి ఎల్ఈడీలు, రెసిస్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో విడిగా కూడా దొరుకుతాయి. ట్రాన్స్‌ఫార్మర్లు మా దగ్గర రెండు ఎక్కువగా ఉన్నాయి. వార్షికోత్సవం రోజున తెస్తాం. తీసుకునేవాళ్ళు తమ సబ్బు పెట్టె తామే తెచ్చుకోవాలి.