జుట్టు మాత్రతో తప్పే థైరాయిడ్ లెక్క

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఫోన్ చేస్తే చాలు, పొద్దున్నే ల్యాబ్ మనిషి ఇంటికొచ్చి మోచేతి దగ్గర సిర నుంచి రక్తం తీసుకెళ్తాడు. పరీక్ష అవసరమే: 2013లో వెలువడిన ఎనిమిది నగరాల అధ్యయనంలో (అందులో ఢిల్లీ, హైదరాబాద్ ఉన్నాయి) పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం కనిపించింది.

చిక్కల్లా వేరేచోట. ఈ జబ్బులో జుట్టు రాలుతుంది. రాలుతోందని బయోటిన్ మాత్రలు మొదలుపెడతాం. కొన్ని ల్యాబ్ యంత్రాలు టీఎస్‌హెచ్‌ను పట్టుకునేది బయోటిన్ బంధంతోనే. రక్తంలో అదనంగా ఉన్న బయోటిన్ అడ్డుపడితే అసలు ఎక్కువున్న టీఎస్‌హెచ్ తక్కువగా కనబడుతుంది. ఉన్న జబ్బు రిపోర్టులో మాయం! కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్ర ఆపాలి, మోతాదు పెద్దదైతే ఇంకా ముందే. థైరాక్సిన్ వాడేవాళ్లు రక్తమిచ్చాకే ఆనాటి మాత్ర వేసుకోవడం మేలు. ల్యాబ్ మనిషి అడక్కపోయినా ఏ మాత్రలు వాడుతున్నారో చెప్పండి.