కాన్వెంటు గుమ్మమువద్ద

మామిడి బళ్ళ రాకపోకలు సన్నగిల్లి, తొలకరి మబ్బులు తొంగిచూచు దినములలో తిరువూరు గృహస్థులను ఏటేట పట్టుకొను చింత యొకటి కలదు. పిల్లలను ఏ బడిలో వేయవలెను? ఈ యేడు నా మిత్రుడొకడు నన్ను చాటునకు పిలిచి, గొంతు తగ్గించి అడిగెను. "ఇంట్లో కాన్వెంటులో వెయ్యమంటున్నారు మాస్టారూ. వేస్తే పిల్ల మనకు దక్కుతుందా?"

ఆ "దక్కుతుందా" అను మాట నిన్న మొన్న పుట్టినది కాదు. మచిలీపట్టణమున రాబర్టు నోబులు దొర 1843లో ఇంగ్లీషు పాఠశాల తెరచెను. అది ప్రొటెస్టెంటు మిషనుదే గాని కథోలికులది కాదు. అయినను భయపడు తల్లికి ఈ భేదముతో పని యేమి? 1852లో అచటి విద్యార్థులిరువురు క్రైస్తవమును స్వీకరింపగా ఊరు అట్టుడికినది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించిరి, బడి వెలవెలబోయినది. కొంతకాలమునకు పిల్లలు మరల వచ్చిరి, ఆ బడియే కళాశాలగా ఎదిగినది. కాని ఆ భయము మాత్రము కృష్ణాతీరమున తరతరములుగా నిలచిపోయినది. దీనికి బదులు చెప్పు దృష్టాంతమును గూడ మరువరాదు: 1930 ప్రాంతముల గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు బోధించినవారు విశ్వనాథ సత్యనారాయణగారు. రామాయణ కల్పవృక్షము వ్రాసిన చేతికి ఆ గోడలు అడ్డు రాలేదు.

కథోలికుల సంగతికి వత్తము. బెజవాడ మేత్రాసనము 1937లో ఏర్పడినది. 1953లో ఆంధ్ర లొయోలా కళాశాలను జెస్యూటు గురువులును, 1962లో మేరీస్ స్టెల్లా కళాశాలను మఠకన్యలును బెజవాడలో నెలకొల్పిరి. ఈ ప్రాంతపు హిందూ, ముసల్మాను కుటుంబముల పిల్లలు ఎందరో వానిలో చదివి, ఎట్లు వెళ్ళిరో అట్లే ఇండ్లకు తిరిగి వచ్చిరి.

ఇచట ఒక హెచ్చరిక. కాన్వెంటన నిజమునకు మఠకన్యలుండు చోటు. మనకో, ఇంగ్లీషు చెప్పు ప్రతి బడియు కాన్వెంటే. గుమ్మముపై వినాయకుని బొమ్మ ఉన్నను కాన్వెంటే! కావున భయపడుటకు పూర్వము ఆ బడి ఎవరిదో తెలిసికొనుట మేలు.

ఇక మతబోధ. రాజ్యాంగము 30వ అధికరణమున అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను తాము నడుపుకొను హక్కు నిచ్చినది. గోడమీది శిలువను తీయుమనుట మనకు తగదు. కాని 28వ అధికరణము మూడవ ఖండము మన పక్షమున ఉన్నది. ప్రభుత్వపు గుర్తింపు గాని, ధనసహాయము గాని పొందిన ఏ బడియైనను విద్యార్థిని మతబోధకు, ఆరాధనకు రమ్మని నిర్బంధింపరాదు. బాలలైనచో సంరక్షకుని సమ్మతి వలయును. సమ్మతి యనగానే జ్ఞాపకము వచ్చినది. ప్రవేశపు దరఖాస్తును చదువకయే వ్రాలు చేయు అలవాటు మనది. ఆ సమ్మతి ఆ కాగితమునందే దాగియుండవచ్చును!

రోము సభ మాటయు ఇందుకు విరుద్ధము కాదు. 1965లో వాటికను మహాసభ మతస్వాతంత్ర్యమును గూర్చి వెలువరించిన ప్రకటనలో, పిల్లలకు ఏ మతబోధ కావలెనో నిర్ణయించు హక్కు తల్లిదండ్రులదే యని చెప్పినది. అన్యమతముల విద్యార్థులపై క్రైస్తవాచారములను రుద్దరాదని భారత కథోలిక బిషపుల సభ 2024లో తన బడులకు సూచించినది. సాధారణముగా కథోలిక బాలలకు సత్యోపదేశమును, తక్కినవారికి నీతిబోధయు వేరువేరుగా జరుగును. ఉదయపు ప్రార్థనలో పిల్ల నిలువబడిన మాత్రమున మతము మారదు. అది కూడ వలదనుకొన్నవారు ముందే వ్రాసి ఇయ్యవచ్చును.

ఇదంతయు చెప్పితిని. మిత్రుని ముఖము తేరుకొనలేదు. అతడు షెడ్యూల్డు కులమువాడు. అసలు భయము అప్పుడు బయటపడినది. "దేవుడి సంగతి కాదండీ. రేపు సర్టిఫికెట్టు మాటేమిటి?"

తిరువూరు వంటి తావున ఇది చిన్న మాట కాదు. ఈ శాసనసభా స్థానమే షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము ఆ హోదా హిందువులకే చెందును. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడినది, క్రైస్తవులకు లేదు. మతము మారిన షెడ్యూల్డు కులములవారు మన రాష్ట్రమున బి.సి.-సి వర్గమున చేరుదురు. ఆ వర్గమునకు రిజర్వేషను నూటికి ఒకటి! ఈ న్యాయాన్యాయములు వేరే చర్చ. క్రైస్తవుల బడిలో చదివినంత మాత్రమున ఎవరి కులమును మారదు. మార్చగలది రిజిస్టరులోని గడి. ప్రవేశమునాడు గుమాస్తా తొందరలో ఏమి వ్రాసినను అదియే టి.సి.లోనికి ఎక్కును, తహసీల్దారు విచారణలో అదియే సాక్ష్యమగును. పదేండ్ల తరువాత దానిని దిద్దించుట ఎంత ప్రయాసయో పడినవారికే ఎరుక.

జీతముల సంగతి ముందే అడుగవచ్చును. బస్సుకు, పుస్తకములకు, దుస్తులకు వేరువేరుగా ఎంతో కాగితముపై వ్రాయించుకొనిన చాలును.

నా దిగులు వేరొకటి. పిల్ల శిలువను చూచి చెడదు. అమ్మమ్మ వ్రాసిన జాబు చదువలేని నాడు నిజముగా మనకు దూరమగును. ఆ దోషము కథోలికులది మాత్రమే కాదు. ఇంగ్లీషు మోజు గల ప్రతి బడిదియును, అట్టి బడిని వెదకికొని పోవు మనదియును. తెలుగు ఎన్ని గంటలు చెప్పుదురు? చెప్పువారెవరు? ఆటస్థలమున తెలుగు మాటాడిన పిల్లకు శిక్ష కలదా? గుమ్మమువద్ద అడుగవలసిన ప్రశ్నలలో వీనిని ముందు నిలుపుదును.

మిత్రుడు మరునాడు ఒక నోటుబుక్కుతో బడికి పోయెను. రిజిస్టరులో వ్రాసినది పైకి చదివి వినిపించుమని గుమాస్తాను అడిగెనట. తెలుగు పంతులమ్మను కూడ చూచి వచ్చెను. పిల్లదానికి మాత్రము ఆవరణలోని ఉయ్యాల నచ్చినదట.