కొత్త కుందేలు ఎండుగడ్డి ముట్టకపోతే...

సంతకు వెళ్లిన తండ్రి పిల్లల మాట కాదనలేక జత తెల్ల కుందేళ్లను బుట్టలో పెట్టుకుని ఇంటికి వస్తాడు. ఆ పూట ఇల్లంతా పండుగే. ఒకరు క్యాబేజీ ఆకు, ఒకరు క్యారెట్ ముక్క, ఇంకొకరు బిస్కెట్ తెచ్చి నోటికి అందిస్తారు. మూడోనాటికి కుందేలు పొట్ట ఉబ్బుతుంది. నాలుగోనాటికి మూలన ముడుచుకు కూర్చుంటుంది. వారం తిరిగేసరికి దొడ్లో గొయ్యి తీయాల్సి వస్తుంది. దిష్టి తగిలిందని పెద్దలు సరిపెట్టుకుంటారు. దిష్టి మాట ఎలా ఉన్నా, చాలా ఇళ్లలో దాని ప్రాణం తీసేది ముద్దుకొద్దీ పెట్టిన తిండే.

కుందేలు పేగులు ఆగకుండా కదులుతూ ఉండాలి. అందుకు పీచు కావాలి. ఎండుగడ్డిలో ఉన్నంత పీచు కూరగాయల్లో ఉండదు. పైగా దాని నోట్లోని 28 పళ్లూ బతికినన్నాళ్లు పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు. గడ్డి నమలకపోతే దవడపళ్లు సరిగా అరగక, మొనదేలి నాలుకకు, బుగ్గకు గుచ్చుకుంటాయి. మేతలో నూటికి 80 పాళ్ల దాకా గడ్డే ఉండాలని పశువైద్యులు చెబుతారు.

ఏ గడ్డి అన్నది తర్వాతి ప్రశ్న. పల్లెల్లో ఎండుగడ్డి అంటే వరిగడ్డే. అది కుందేలు కింద పరచడానికి పనికొస్తుంది గాని, గింజ పండాక మిగిలిన దంటులో సత్తువ తక్కువ. గరిక మేలు. వెన్ను తీయకముందే కోసి, పలచగా పరచి, తిరగవేస్తూ రెండు మూడు రోజులు ఆరబెడితే పచ్చదనం పూర్తిగా పోకుండా కమ్మని వాసన వస్తుంది. గోనెసంచిలో వేసి దూలానికి కట్టుకోవచ్చు. ప్లాస్టిక్ సంచిలో మూటగడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. బూజు గడ్డి పెట్టరాదు. కలుపుమందు కొట్టిన గట్ల మీద గరిక జోలికి అసలే పోరాదు. మందు పడని గట్టు వెతుక్కోవడమే ఈ రోజుల్లో పెద్ద పని. వేరుశనగ కట్టె, లూసర్న్ గడ్డి కుందేళ్లు ఇష్టంగా తింటాయి. వాటిలో కాల్షియం ఎక్కువ కాబట్టి ఎదిగే పిల్లలకు సరే, పెద్దవాటికి రోజూ కూడదు.

ఇంత చేసినా కొత్త కుందేలు గడ్డిని వాసన చూసి మొహం తిప్పుకోవచ్చు. ‘ఆకలేస్తే అదే తింటుందిలేరా’ అని మిగతా మేత మాన్పించే ఇళ్లున్నాయి. ఆ మొండితనం కుందేలు దగ్గర పనికిరాదు. పూట మేత లేకపోతే దాని పేగుల కదలిక ఆగిపోతుంది. వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు.

అమ్మినవాడు ఏం పెట్టేవాడో అడిగి తెలుసుకుని, మొదట అదే పెట్టాలి. వారం పది రోజుల్లో దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ గడ్డి పెంచాలి. పచ్చి గరిక తినే కుందేలుకు ముందు సగం వాడినది, తర్వాత ఎండినది కలిపితే తేడా అంతగా తెలియదు. గడ్డి మధ్యలో నాలుగు కొత్తిమీర రెబ్బలు దాస్తే వాటికోసం వెతుకుతూ పరకలు కూడా కొరుకుతుంది. మరో చిట్కా ఉంది. కుందేలు పెంటికలు వేస్తూ మేస్తుంది. అది ఏ మూల పెంటికలు వేస్తుందో ఆ మూలనే గడ్డి చిన్న బుట్టలో ఉంచితే తొందరగా అలవాటు పడుతుంది. పొద్దువాలాక, తెల్లవారుజామున దానికి ఆకలి ఎక్కువ. కొత్త గడ్డి అప్పుడే వేయాలి.

ఎండాకాలంలో మేత మానితే తప్పు గడ్డిది కాకపోవచ్చు. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు తట్టుకోలేదు. నీడ, మట్టి మూకుడులో చల్లని నీళ్లు, బోను మీద తడి గోనెపట్టా తప్పనిసరి.

రోజూ పొద్దున్నే బోనులో పెంటికలు చూడాలి. గుండ్రంగా, పొడిగా, లోపల పీచు కనిపిస్తే గడ్డి ఒంటబట్టినట్టే. ద్రాక్షగుత్తిలా మెత్తటివి వేసి తనే తినేస్తే పిల్లలు అసహ్యించుకుంటారు గాని, అది రోగం కాదు, దాని సహజమైన అలవాటు. 12 గంటలపాటు మేతా లేక, పెంటికలూ లేకపోతే మాత్రం నాటు మందులు పోయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి.