షుగరు తగ్గింది సరే, కండ మాటేమిటి?

హైదరాబాద్ పాతబస్తీ పెద్దల కంచంలో పీచూ, మాంసకృత్తులూ రెండూ ఉన్నాయి. పాళ్లు సరిచూసుకోవడమే మిగిలింది.

షాలిబండలోనో, మొఘల్‌పురాలోనో డెబ్భై దాటిన పెద్దాయనకు షుగరు ఉందని తేలగానే ఇంట్లో ఆంక్షలు మొదలవుతాయి. అన్నం బంద్, మటన్ బంద్, రాత్రికి ఒక్క జొన్నరొట్టె. కొన్నాళ్లకు పైజామా వదులవుతుంది. మనిషి సన్నబడ్డాడని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కరిగింది కొవ్వా, కండా అని మాత్రం ఎవరూ ఆరా తీయరు.

తీయాలి. భోజనం తర్వాత రక్తంలో చేరే చక్కెరను ఇన్సులిన్ సాయంతో ఎక్కువగా అందుకునేవి కండరాలే. అవి తరిగితే చక్కెర అదుపు తప్పడం తేలిక. వయసుతో కండ కరిగే ఈ సమస్యను వైద్యులు సార్కోపీనియా అంటారు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలోని పెద్దవయసువారికి కండ తరగడం ఇంటి సమస్యే.

పీచు ఎంతవరకు?

బార్లీ, పప్పుల్లోని కరిగే పీచు కడుపులో జిగురుగా మారి చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. మిగిలింది పెద్దపేగులోని బ్యాక్టీరియాకు ఆహారమై బ్యుటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుతుంది. 2,000 కిలోక్యాలరీల భోజనంలో 30 గ్రాముల పీచు ఉండాలన్నది తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మైదా కుల్చా, తెల్లన్నంతో అది అందదు.

అలాగని పీచు ఒక్కటే కండ పెంచదు. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు అరవై దాటిన 36 కవలల జంటలపై చేసిన ప్రయోగం 2024లో వెలువడింది. అందరికీ అమైనో ఆమ్లాల పొడి, వ్యాయామం. జంటలో ఒకరికి అదనంగా పేగు బ్యాక్టీరియాకు మేలుచేసే పీచు. 12 వారాలకు పీచు తీసుకున్నవారి జ్ఞాపకశక్తి పరీక్షల ఫలితాలు మెరుగయ్యాయిగానీ, కాళ్ల బలంలో తేడా రాలేదు.

ఇంకో చిక్కుంది. పీచు త్వరగా కడుపు నింపుతుంది. అసలే ఆకలి మందగించిన పెద్దలు రొట్టె, కూరతోనే చేయి కడుక్కుంటే మాంసకృత్తులకు చోటుండదు. వృద్ధులకు కిలో బరువుకు రోజూ 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలని నిపుణుల సూచన. అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు.

దేగ్‌లో దొరికే జవాబు

పీచునూ, మాంసకృత్తులనూ ఒకే గిన్నెలో పెట్టడం పాతబస్తీకి కొత్త కాదు. రంజాన్‌లో హలీమ్ భట్టీ దగ్గర చూడండి. గోధుమలు, బార్లీ, పప్పులు, మటన్ దేగ్ అనే పెద్ద వంటపాత్రలో గంటల తరబడి ఉడుకుతాయి. పొడవాటి కర్రలతో ఘోటా వేస్తుంటే మాంసం నారలు విడిపోయి గోధుమలో కలిసిపోతాయి. పళ్లు లేనివాళ్లూ తినగలరు. 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన ఈ వంటకంలో నెయ్యి, ఉప్పు దండిగా పడతాయి కాబట్టి ఇది రోజువారీ భోజనం కాదు.

రోజూ పనికొచ్చేది ఖిచ్డీ. వంద గ్రాముల మసూర్ పప్పులో మాంసకృత్తులు 24 గ్రాములు, పీచు సుమారు 10 గ్రాములు. మామూలుగా వేసే బియ్యం కాస్త తగ్గించి, పప్పు పెంచి, పక్కన నూనె తక్కువ ఖీమా పెడితే లెక్క సరిపోతుంది. సొరకాయ, శనగపప్పుతో చేసే దాల్చా కూడా ఇలాంటిదే. పీచు కొద్దికొద్దిగా పెంచాలి, నీళ్లు తాగాలి. కిడ్నీ జబ్బుంటే మాంసకృత్తుల మోతాదు డాక్టరే చెప్పాలి.

ఇంట్లో చిన్న పరీక్ష

చేతులు ఛాతీపై కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, పక్కన ఒకరు ఉండాలి. 12 సెకన్లు, అంతకు మించి పట్టినా, పిక్క చుట్టుకొలత మగవారికి 34, ఆడవారికి 33 సెంటీమీటర్లకు తగ్గినా డాక్టరుకు చూపించాలి. షుగరు రిపోర్టుతో పాటు ఈ రెండు అంకెలూ రాసుకెళ్తే, భోజనంలో ఏం తగ్గించాలో మాత్రమే కాదు, ఏం పెంచాలో కూడా అక్కడే తేలుతుంది.