ఐ.సి.యు. డయాలసిస్‌లో కాల్షియం: అనంతపురం నేపథ్యంలో ఒక పరిభాషా పరిశీలన

కీలకపదాలు: కాల్షియం, సిట్రేట్, నిరంతర డయాలసిస్, రక్తపింజరి, వైద్య పరిభాష

అనంతపురం మెట్టనేలల్లో వేరుసెనగ చేలలో పనిచేసేవారికి రక్తపింజరి కాటు తెలియని ప్రమాదం కాదు. ఈ పాము విషం రక్తం గడ్డకట్టే ప్రక్రియలోని 5, 10 కారకాలను ఒక్కసారిగా ఉత్తేజపరుస్తుంది. ఆ కారకాలు ఖర్చయిపోయాక రక్తం గడ్డకట్టే శక్తినే కోల్పోతుంది. గాజు నాళికలో పోసిన రక్తం 20 నిమిషాలకు గడ్డకట్టిందా లేదా అని వైద్యులు పరీక్షించేది ఇందుకే. మూత్రపిండాలు కూడా తీవ్రంగా దెబ్బతింటే డయాలసిస్ అవసరమవుతుంది. చిక్కు అక్కడ మొదలవుతుంది. యంత్రపు గొట్టాలలో రక్తం గడ్డకట్టకూడదు. రోగి ఒంట్లో మాత్రం గడ్డకట్టాలి. సాధారణంగా వాడే హెపారిన్‌కు ఈ రెండు చోట్ల తేడా తెలియదు.

అందువల్ల చాలాచోట్ల ఏ మందూ కలపకుండా, మధ్యమధ్య సెలైన్‌తో గొట్టాలు కడుగుతూ కొన్ని గంటల డయాలసిస్ చేస్తారు. రక్తపోటు పడిపోయిన రోగి దానిని తట్టుకోలేకపోవచ్చు. అటువంటివారికి రాత్రింబవళ్లు నెమ్మదిగా సాగే నిరంతర డయాలసిస్ ఉంది. కాని ఆ వసతి ఎక్కువగా పెద్ద నగరాలలోనే లభిస్తుంది. ఈ ప్రాంతపు రోగిని కర్నూలుకో బెంగళూరుకో తరలించడం అందరూ ఎరిగినదే.

నిరంతర డయాలసిస్‌లో హెపారిన్‌కు బదులు సిట్రేట్ వాడవచ్చు. వాడకూడని కారణాలేవీ లేకపోతే సిట్రేట్‌కే ప్రాధాన్యమివ్వవచ్చని అంతర్జాతీయ మూత్రపిండ వైద్య మార్గదర్శకాలు 2012లో సూచించాయి. కాల్షియం లేనిదే రక్తం గడ్డకట్టదు. రక్తం యంత్రంలోకి ప్రవేశించేచోట కలిపిన సిట్రేట్ ఆ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. ఫిల్టరు దాటాక విడిగా మిగిలే కాల్షియం లీటరుకు 0.25–0.35 మిల్లీమోల్ ఉండేలా చూస్తారు. సిట్రేట్‌తో పెనవేసుకున్న కాల్షియంలో కొంత వ్యర్థద్రవంలో పోతుంది. ఆ లోటును వేరే గొట్టం ద్వారా పూడ్చి, ఒంట్లో విడి కాల్షియాన్ని 1.0–1.2 మిల్లీమోల్ దగ్గర నిలుపుతారు. ఒంట్లోకి చేరిన సిట్రేట్‌ను ప్రధానంగా కాలేయం, కండరాలు బైకార్బొనేట్‌గా మారుస్తాయి. కాల్షియం తిరిగి విడుదలవుతుంది. కాలేయం చెడినా, కండరాలకు రక్తప్రసరణ తగ్గినా ఈ పని కుంటుపడుతుంది.

తెలుగులో వివరించేటప్పుడు తడబాటు ఇక్కడే వస్తుంది. రక్తంలోని కాల్షియంలో దాదాపు సగమే విడిగా ఉండి పనిచేస్తుంది. సుమారు 40 శాతం ప్రోటీన్లను, తక్కినది సిట్రేట్, ఫాస్ఫేట్ వంటివాటిని అంటిపెట్టుకొని ఉంటుంది. ప్రయోగశాల రిపోర్టులో మొత్తం కాల్షియం డెసిలీటరుకు 10 మిల్లీగ్రాములుగా ఉందనుకుందాం. చూడటానికి అది సరైన అంకే. దానిని 4తో భాగిస్తే లీటరుకు 2.5 మిల్లీమోల్ అవుతుంది. అదే సమయంలో విడి కాల్షియం 0.9 మాత్రమే ఉంటే నిష్పత్తి 2.8కి చేరువవుతుంది. ఈ నిష్పత్తి 2.5 దాటితే సిట్రేట్ ఒంట్లో పేరుకుంటున్నదని అనుమానించాలి. ఎక్కించే కాల్షియాన్ని పెంచడం ఒక్కటే అప్పుడు చాలదు. సిట్రేట్‌ను తగ్గించడమో, అవసరమైతే ఆపివేయడమో చేయాలి. ‘కాల్షియం బాగానే ఉంది’ అన్న మాట అబద్ధం కాకపోయినా రోగి ప్రమాదంలోనే ఉన్నాడు.

ఎక్కించే మందులోనూ ఇదే ఇబ్బంది. 10 శాతం ద్రావణం 10 మి.లీ. తీసుకుంటే కాల్షియం గ్లూకోనేట్‌లో ఉండే కాల్షియం సుమారు 93 మిల్లీగ్రాములు. కాల్షియం క్లోరైడ్‌లో దాదాపు దానికి మూడింతలు. ‘ఒక కాల్షియం ఇంజెక్షన్’ అన్నంత మాత్రాన మోతాదు తెలియదు.

విడి కాల్షియం పడిపోతే మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోవడం, గుండె లయ తప్పడం వంటివి కలుగుతాయి. మత్తులో, వెంటిలేటరు మీద ఉన్న మనిషి తిమ్మిరి సంగతి చెప్పలేడు. కాబట్టి కొన్ని గంటలకొకసారి తీసే రక్తనమూనాలే ఆధారం; అవి ఫిల్టరు తరువాత తీసినవా, రోగి ఒంటి నుంచి తీసినవా అన్నది రాసి ఉండాలి.

తెలుగు విజ్ఞాన రచనల్లో కాల్షియానికి ‘ఖటికం’ అన్న పేరు ఉన్నా జనవ్యవహారంలో నిలవలేదు. ‘అయనీకృత కాల్షియం’ శాస్త్రీయంగా సరైనదే, ఐ.సి.యు. గుమ్మం దగ్గర నిలబడ్డ బంధువుకు అది అందదు. ‘మొత్తం కాల్షియం’, ‘విడి కాల్షియం’ అన్న జంట చాలునని నా అభిప్రాయం. అప్పుడు చదువుకోని తల్లి కూడా వైద్యుడిని అడగగలదు: ‘అయ్యా, మొత్తం ఎంత ఉంది, విడిగా ఎంత ఉంది?’