వర్చువల్ డివైస్ డ్రైవర్లలో సమకాలిక అభ్యర్థనలు: లినక్స్ వర్టియో-నెట్ ఆధారంగా ఒక పరిశీలన

డివైస్ డ్రైవర్ పరికరానికి పంపే అభ్యర్థనలు స్థూలంగా రెండు విధాలు. అభ్యర్థనను అప్పగించి, జవాబు వచ్చినప్పుడు అందుకోవచ్చునని డ్రైవర్ వేరే పనికి మళ్లితే అది అసమకాలికం. జవాబు చేతికి అందేదాకా అడుగు ముందుకు వేయకపోతే అది సమకాలికం. ప్యాకెట్ల రాకపోకలు, డిస్కుపై చదవడం, రాయడం ప్రధానంగా మొదటి పద్ధతిలోనే నడుస్తాయి. నెట్‌వర్క్ కార్డు చిరునామాను మార్చడం, వడపోత నియమాలను సవరించడం వంటి నియంత్రణ ఆదేశాల సంగతి వేరు. అవి అమలయ్యాయో లేదో తేలనిదే తర్వాతి పని సాగదు. సంఖ్యలో ఇవి స్వల్పం. అయినా గెస్ట్ యంత్రాన్ని స్తంభింపజేయగల ప్రమాదం వీటిలోనే ఎక్కువ.

వర్చువల్ యంత్రంలో డ్రైవర్‌కు ఎదురుగా ఉండే పరికరం చాలా సందర్భాల్లో నిజమైన పరికరం కాదు, హోస్ట్‌లో నడిచే మరొక ప్రోగ్రాం. ఈ ఇద్దరి నడుమ సంభాషణకు రస్టీ రస్సెల్ రూపొందించిన వర్టియో 2008 జనవరిలో విడుదలైన లినక్స్ 2.6.24లో చేరింది. గెస్ట్, హోస్ట్ రెండూ చూడగలిగే మెమరీలో ఒక వరుస ఉంటుంది. దానినే వర్ట్‌క్యూ అంటారు. డ్రైవర్ తన బఫర్ల చిరునామాలను అందులో ఉంచి, ఒక రిజిస్టర్‌లో రాసి పరికరాన్ని హెచ్చరిస్తుంది. పని పూర్తయ్యాక పరికరం అదే వరుసలో ఆ విషయాన్ని నమోదు చేస్తుంది.

వర్టియో-నెట్ డ్రైవర్ నియంత్రణ ఆదేశాల కోసం ప్రత్యేకంగా ఒక వరుసను వాడుతుంది. ఆదేశాన్ని అందులో ఉంచి హెచ్చరిక పంపిన తర్వాత, జవాబు కనబడేదాకా చిన్న లూప్‌లో తిరుగుతూ వరుసను పదే పదే పరీక్షించడం మొదటినుంచీ దాని పద్ధతి. పైకి మోటుగా కనిపించినా దీని వెనుక తర్కం ఉంది. హెచ్చరిక కోసం చేసిన రాత గెస్ట్‌ను ఆపి హైపర్‌వైజర్‌లోకి తీసుకుపోతుంది. హైపర్‌వైజర్ అక్కడికక్కడే ఆదేశాన్ని నెరవేర్చితే, గెస్ట్ తిరిగి కదిలేసరికి జవాబు సిద్ధంగా ఉంటుంది. అటువంటప్పుడు నిద్రపోయి, ఇంటరప్ట్‌తో మేల్కొనే ఏర్పాటు అనవసరమైన శ్రమే.

అయితే ఈ ఊహ ఎల్లకాలం నిలవలేదు. ఐఓఈవెంట్‌ఎఫ్‌డీ విధానంలో హెచ్చరిక ఒక సంకేతంగా మాత్రమే నమోదై, గెస్ట్ వెంటనే ముందుకు సాగుతుంది. జవాబును తయారుచేసేది హోస్ట్‌లోని మరొక థ్రెడ్. వీడీపీఏలో ఆదేశం నిజమైన కార్డులోని ఫర్మ్‌వేర్ దాకా వెళ్లవలసి రావచ్చు. అప్పుడు లూప్ నిజంగానే తిరుగుతుంది. ఆ కాలమంతా డ్రైవర్ సాధారణంగా ఆర్‌టీఎన్‌ఎల్ అనే తాళాన్ని పట్టుకొని ఉంటుంది. నెట్‌వర్క్ అమరికలో మార్పు కోరే ప్రక్రియలకు దాదాపుగా అన్నింటికీ అదే తాళం కావాలి గనుక, ఒక్క కార్డు జవాబీయకపోతే మిగిలిన కార్డుల అమరికలు కూడా నిలిచిపోతాయి. ఇంకొక చిక్కు కూడా ఉంది. హోస్ట్‌లో కోర్ల కొరత ఉన్నప్పుడు, జవాబు చెప్పవలసిన థ్రెడ్‌కు దక్కవలసిన కోర్‌ను ఎదురుచూసే గెస్టే తన లూప్‌తో ఆక్రమించవచ్చు.

లూప్‌కు బదులు నిద్రపోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. వర్టియో బెలూన్ డ్రైవర్ అలాగే చేస్తుంది. వర్టియో-స్కజీలో పనులను రద్దుచేసే ఆదేశాలు కూడా అంతే. నెట్‌వర్క్ విషయంలో అడ్డంకి పిలుపు వచ్చే సందర్భంలో ఉంది. స్వీకరణ వడపోతను మార్చే పిలుపు స్పిన్‌లాక్ పట్టుకొని ఉండగా వస్తుంది. స్పిన్‌లాక్ కింద నిద్రపోవడం కెర్నల్‌లో నిషిద్ధం. అందువల్ల ఇటీవలి లినక్స్ ఆ పనిని వర్క్‌క్యూకు బదిలీ చేసింది. దానితో లూప్ నడుమ ఇతర ప్రక్రియలకు అవకాశమిచ్చే పిలుపును చేర్చడం సాధ్యపడింది. ఇది ప్రాసెసర్‌కు ఊరటే కాని తాళానికి కాదు. మౌనంగా ఉండిపోయిన పరికరం ముందు ఆర్‌టీఎన్‌ఎల్ నిరీక్షణ అలాగే ఉంటుంది.

కాలపరిమితి విధించడం తేలిక పరిష్కారంగా తోస్తుంది. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. వరుసలో ఉంచిన బఫర్ జవాబు వచ్చేదాకా పరికరం అధీనంలోనిది. డ్రైవర్ విసిగి, బఫర్‌ను విడుదల చేసి వెళ్లిపోతే, ఆ మెమరీని కెర్నల్ మరొక అవసరానికి కేటాయించవచ్చు. ఆలస్యంగా వచ్చిన జవాబు అప్పుడు పరాయి డేటాపై పడుతుంది. స్తంభించిన యంత్రం కనీసం కంటికి కనిపిస్తుంది. చెడిన మెమరీ జాడ తెలియనివ్వదు. ఈ కారణంగానే రెంటిలో నిరవధిక నిరీక్షణే తక్కువ హానికరమని చెప్పవలసి ఉంటుంది. ఒక్క అభ్యర్థనను మాత్రమే వెనక్కి తీసుకొనే సార్వత్రిక మార్గం వర్టియో వరుసలో లేదు. పరికరం మొత్తాన్ని రీసెట్ చేయాలి, లేదా 2022 నాటి వర్టియో 1.2లో ఐచ్ఛికంగా చేరిన వరుస రీసెట్‌ను వాడాలి. రీసెట్ పూర్తయిందని ధ్రువీకరించవలసింది మళ్లీ ఆ పరికరమే.

హోస్ట్‌ను గెస్ట్ నమ్మని గోప్య యంత్రాలలో, అంటే ఏఎండీ ఎస్‌ఈవీ, ఇంటెల్ టీడీఎక్స్ వంటి ఏర్పాట్లలో, ఈ ప్రశ్న మరో రూపం దాలుస్తుంది. జవాబు నిరాకరించి గెస్ట్‌ను నిలిపివేయడాన్ని అక్కడ రక్షణ పరిధికి వెలుపలి విషయంగానే పరిగణిస్తారు. అసత్యమైన జవాబు మాత్రం ఆ పరిధిలోకి వస్తుంది. అందుచేత జవాబులోని పొడవు, సంఖ్య, స్థితి ఒక్కొక్కటీ తాను పంపిన అభ్యర్థనకు సరిపోతున్నాయో లేదో డ్రైవర్ సరిచూసుకున్న తర్వాతే వాటిని వాడవలసి ఉంటుంది.