శీతకాలమున ఉదకమండలమునకు కారు ప్రయాణము

ఉదకమండలమనగానే మనకు వేసవి తలపునకు వచ్చును. ఈ అలవాటు దొరతనమువారు నేర్పినది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1822 ప్రాంతమున అచ్చట రాతి ఇల్లు కట్టించెను. తరువాత ఆ ఊరు మద్రాసు రాజధాని ప్రభుత్వమునకు వేసవి మకామయ్యెను. సర్కారు జిల్లాలును రాయలసీమయును ఆనాడు ఆ రాజధానిలోనివే గనుక మన ప్రాంతపు కాగితములు కూడ ఏటేట కొండ ఎక్కి దిగుచుండెడివి. దొరలు పోయిరి, వేసవి రద్దీ మాత్రము నిలిచినది. ఆ రద్దీకి తగినట్లే గది అద్దెలును పెరుగును.

తక్కువ ఖర్చుతో చూడదలచినవారు సంక్రాంతి సెలవులు ముగిసిన నాటినుండి ఫిబ్రవరి నడిమి వరకు గల దినములను ఎన్నుకొనవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు మొదటి వారముల వరకు ఈశాన్య ఋతుపవనము ఆ కొండలపై వర్షించును. 2009 నవంబరులో కొండచరియలు విరిగిపడి పలువురు మరణించిరి. డిసెంబరు చివరి వారమున వానలు తగ్గినను, సెలవుల జనము మూలమున ధరలు వేసవిని తలపించును. జనవరి చివర ఆకాశము నిర్మలము, గదులు ఖాళీ. బడి పిల్లలున్న ఇండ్లవారికి ఈ దినములు చిక్కేయని ఎరుగుదును. దానికి నా యొద్ద మందు లేదు.

ఇక లెక్క. హైదరాబాదు నుండి బెంగుళూరు, మైసూరు, గుండ్లుపేట, గూడలూరుల మీదుగా దూరము సుమారు 840 కిలోమీటర్లు. రాకపోకలకును, పైన తిరుగుటకును 1,800 అనుకొందము. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారునకు 120 లీటర్ల పెట్రోలు పట్టును. లీటరు 105 రూపాయలని వేసికొనిన 12,600 రూపాయలు. నలుగురైనచో తలకు 3,150. టోలు రుసుములు వేరు. ఇటీవలి సంవత్సరములందు పెట్రోలు ధర మన రెండు రాష్ట్రములకంటె కర్ణాటకమున తక్కువ. కావున ఇంటియొద్ద ట్యాంకు నింపుకొనినవారు అనంతపురమున మరల నింపక, సరిహద్దు దాటి బాగేపల్లి చేరిన పిదప నింపుకొనవచ్చును. ముల్లు అడుగంటు వరకు ఈ పొదుపు సాగింపవలదు.

మొదటి రాత్రి బెంగుళూరునకు ఈవలనే, చిక్కబళ్లాపురమున ఆగుట మేలు. గది చౌక, తెల్లవారకముందే లేచి మహానగరమును దాటిపోవచ్చును. ఆనాటికి పులిహోరయు పెరుగన్నమును కట్టుకొనిన హోటలు ఖర్చు తప్పును. నీళ్లు స్టీలు పాత్రలలో తీసికొనుడు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్కు నీళ్లసీసాలు నిషిద్ధములు. 2024 మే 7 నుండి ఆ జిల్లాకు వచ్చు బయటి బండ్లకు ఈ-పాసు నియమము వచ్చినది. దానికి రుసుము లేదు. నియమములు మారుచుండును గనుక బయలుదేరుటకు ముందు విచారించుకొనుడు.

గుండ్లుపేట దాటిన పిదప బండీపుర అరణ్యము. రాత్రివేళ బండ్లక్రింద పడి మృగములు చచ్చుచుండుటచే 2009 నుండి ఆ మార్గమును రాత్రి 9 గంటలకు మూసి, ఉదయము 6 గంటలకు తెరచుచున్నారు. గడియారమును చూచి మాటలాడుటయే వృత్తిగా గల నేను ఒకసారి మైసూరు బజారులో జాగు చేసి, తొమ్మిది దాటిన అయిదు నిమిషములకు ఆ గేటు చేరితిని. వెనుకకు మరలి గుండ్లుపేటలో తీసికొనిన గదికి పెట్టిన డబ్బు, అంతవరకు పెట్రోలులో మిగిల్చినదానికంటె ఎక్కువ.

అడవిలో తెప్పకాడు వద్ద దారి చీలును. మసినగుడి, కల్హట్టి మీదుగా పోవు దారి దాదాపు 30 కిలోమీటర్లు దగ్గర. కాని అందు 36 ముడుపు మలుపులు, కడు నిటారు. 2018లో ఘోర ప్రమాదము జరిగిన పిదప బయటి బండ్లపై ఆంక్షలు పెట్టిరి. కొండదారి అలవాటు లేనివారు గూడలూరు దారినే పోవలెను.

ఉదకమండలము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. వేయి మీటర్లు ఎక్కిన చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగును. గది కుదుర్చుకొనునపుడు వేడినీళ్లను, అదనపు కంబళ్లను గూర్చి ముందుగనే అడుగుడు. చౌక గదిలో చలికి ఓర్వలేక తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొనువారు కలరు. ఇది ప్రాణాంతకము. నిప్పులనుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తమునందలి హిమోగ్లోబిను దానిని ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, మత్తు కలిగినను ప్రయాణపు బడలికయని పండుకొందురు; తిరిగి లేవరు. ఇంకొక కంబళి అద్దెకు తెచ్చుకొనుడు గాని కుంపటి వలదు.

ఉదయము ఏడు గంటలలోపల తలైకుందా వైపు పోయిన పచ్చికపై తెల్లని పేరుమంచు కానవచ్చును. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు విడిచి చల్లబడును. చల్లబడిన గాలి బరువెక్కి పల్లములకు జారును. అందుచే వాలుపై గడ్డి పచ్చగనే యుండగా పల్లమున మాత్రము ఉప్పు చల్లినట్లుండును. ఎండ తాకిన కొలదిసేపటికే అంతయు నీరగును. టిక్కెట్టు లేని ఈ దృశ్యము వేసవి యాత్రికులకు దొరకదు.

దిగునపుడే అసలు జాగ్రత్త. నలుగురు మనుష్యులతో 1,500 కిలోలు తూగు కారు గూడలూరునకు దిగులోపల దాదాపు 1,170 మీటర్లు దిగును. ఆ దిగుడులో పుట్టు శక్తి ఏబది లీటర్ల చన్నీళ్లను మరుగునకు తేగలదు. గాలియు చక్రముల రాపిడియు కొంత పుచ్చుకొనినను, మిగిలినదంతయు బ్రేకులకే వదలినచో అవి కాలి పట్టు తప్పును. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెను. అప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును. పెట్రోలు మిగులునని న్యూట్రలులో పెట్టువారును, ఇంజను ఆపివేయువారును కలరు. ఇంజను ఆగిన బ్రేకు పెడలు బిగిసికొనును, స్టీరింగు మొరాయించును. నేటి కార్లు గేరులో దిగునపుడు ఇంధనము చిమ్ముటనే మానును గనుక న్యూట్రలువలన మిగులునది లేదు, పోవునదే ఉన్నది.

దారి మధ్య ఒక కారు చక్రములనుండి పొగ వచ్చుచుండగా, ఒక కుటుంబము రోడ్డు అంచున నిలిచియుండుట చూచితిమి. గూడలూరు చేరిన పిదప మా బండి చక్రము ప్రక్కన చేయి చాపి చూచితిని: చేత పట్టిన కాఫీ లోటాకున్నంత వేడియే.